బేస్ గిటార్ సొంతంగా – నాలుగో పాఠం: తగ్గించి వాయించడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనే అనుకుంటాను. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం చెప్పేది) నిమిషానికి 80 మీద పెట్టి, ఒక్కో స్వరాన్ని ఎనిమిదేసి సార్లు, ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) మారినా వేగం మారకుండా వాయించడం. చెయ్యకపోతే ముందు అది పూర్తిచేసుకుని రండి. ఈసారీ అవే స్వరాలు, కాకపోతే వినీ వినపడనట్టు వాయించాలి.

ముందు నా భాగోతం చెప్తా. నల్లగొండలో వినాయక నవరాత్రులకు ఒక మండపం దగ్గర మా ప్రోగ్రాం. నేను బేస్ పట్టి అప్పటికి రెండేళ్లు. మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఒకటే బాదుడు. పల్లవీ అంతే, చరణమూ అంతే. మూడో పాటకి మా సింగర్ ఒక చెవి మూసుకుని పాడుతున్నాడు. ముందు వరసలో పెద్దమనుషులు కుర్చీలు ఎత్తుకుని వెనక్కి పోయారు. మైక్‌సెట్ అన్న ఆ తర్వాత నా లైను పూర్తిగా తగ్గించేశాడని తెల్లారి తెలిసింది. గంటసేపు ఎవరికీ వినపడకుండానే చెమటలు కక్కానన్నమాట.

నాకు అప్పటికే పిక్సీస్ పిచ్చి. హాస్టల్లో ఒకడి హార్డ్‌డిస్క్ నుంచి ఎక్కించుకున్న పాటలు. అంత పిచ్చి ఉండి కూడా వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదని ఆ తెల్లారి అర్థమైంది.

ఎవరీ పిక్సీస్ అంటారా? 1986లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన నలుగురి బ్యాండ్. బేస్ వాయించేవాళ్లు కావాలని పేపర్లో ప్రకటన ఇస్తే వచ్చిన మనిషి కిమ్ డీల్. ఆమె అప్పటిదాకా గిటారిస్టు. బేస్ చేతిలో లేదు, వాయించిన అలవాటూ లేదు. తన కవల సోదరి దగ్గర బేస్ అడిగి తెచ్చుకుంది. "నాకు ఇప్పటికే లేటైంది, ఇప్పుడేం వస్తది" అని నన్ను అడిగేవాళ్లకి ఈ ముక్కే చెప్తుంటాను. 1989లో వచ్చిన వాళ్ల 'డూలిటిల్' ఆల్బమ్ అమెరికా చార్టులో 98వ స్థానం దాటి పైకి పోలేదు. 1993కల్లా బ్యాండ్ విడిపోయింది. 2004లో మళ్లీ కలిశారు, 2013లో కిమ్ డీల్ వెళ్లిపోయింది. నిర్వాణా బ్యాండ్ కర్ట్ కొబేన్ మాత్రం, తన అతి పెద్ద హిట్టు రాసేటప్పుడు పిక్సీస్‌నే కాపీ కొట్టబోయానని 1994లో నోరు తెరిచి ఒప్పుకున్నాడు. అతను కాపీ కొట్టబోయింది చరణం మెల్లగా, పల్లవి గట్టిగా వాయించే వాళ్ల పద్ధతినే.

మా డ్రమ్మర్ అన్నకి ఎన్నిసార్లు వినిపించినా "ఏంది తమ్మీ, వీళ్లకి మధ్యలో కరెంటు పోతదా?" అనేవాడు. నిజానికి అంతకన్నా బాగా ఎవరూ వివరించలేరు. చరణంలో గిటార్లు తప్పుకుంటాయి. బేసూ డ్రమ్సూ మాత్రం గుసగుసగా నడుస్తాయి. పల్లవికి అందరూ ఒక్కసారి మీద పడతారు. కరెంటు పోయినట్టు అనిపించినా మీటరు మాత్రం ఆగదు. మనకి కావాల్సింది అదే.

ఇక పని. 'ఎ' తీగ మీద ఐదో ఫ్రెట్, అది డి స్వరం. అదే తీగ మీద మూడో ఫ్రెట్, సి. అన్నిటికన్నా లావైన 'ఇ' తీగ మీద ఒకటో ఫ్రెట్, ఎఫ్. డి రెండు బార్లు (బారు అంటే నాలుగు టిక్కుల ముక్క), సి ఒక బారు, ఎఫ్ ఒక బారు. బారుకి ఎనిమిది దెబ్బలు. నాలుగు బార్లు మెల్లగా, నాలుగు బార్లు గట్టిగా.

వాయించేటప్పుడు యాంప్ (శబ్దం పెంచే స్పీకరు పెట్టె) నాబ్ ముట్టుకోవద్దు. ముందు మీకు చేతనైనంత గట్టిగా వాయించి, ఆ మోత గదికి సరిపోయేలా వాల్యూమ్ పెట్టుకోండి. తర్వాత తగ్గించేదంతా చేత్తోనే. చాలామంది ఉల్టా చేస్తారు. మెల్లగా వాయించేటప్పుడు వాల్యూమ్ సరిచూసుకుంటారు, గట్టి భాగం రాగానే స్పీకరు బరబరమంటుంది.

మెల్లగా అంటే భయపడుతూ తాకడం కాదు. కుడిచెయ్యి అంచుని బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చోటు) పక్కన తీగల మీద ఆనించండి, బరువు వెయ్యొద్దు. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) కొస మాత్రమే తీగని తాకాలి, కదలిక మణికట్టు దాకానే. ఎడమచెయ్యి మాత్రం ఫ్రెట్ మీద ఎప్పటిలాగే గట్టిగా నొక్కాలి. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. కుడిచెయ్యి తగ్గగానే ఎడమదీ సడలుతుంది, తీగ గరగరమంటుంది. రెండు చేతులకీ రెండు వేరే పనులని చెప్పుకోండి.

రెండో తప్పు ఇంకా పెద్దది. మెల్లగా అనగానే వేగం పడిపోతుంది, గట్టిగా అనగానే పరుగెత్తుతుంది. మన దగ్గర డప్పు కొట్టేవాళ్లని దగ్గరనుంచి చూడండి. ఒకసారి మా గల్లీలో ఊరేగింపు గుడి ముందు ఆగింది. సిర్ర (లావు పుల్ల) పట్టిన చెయ్యి కిందికి దిగింది, సిటికెనపుల్ల (సన్న పుల్ల) మాత్రం అంచు మీద టిక్ టిక్‌మని నడుస్తూనే ఉంది. అడుగులు వేసేవాళ్లు నిలబడ్డా మోకాళ్లు ఆగలేదు. మళ్లీ సిర్ర పడేసరికి ఒక్కరి అడుగు కూడా తప్పలేదు. ఆ సిటికెనపుల్ల పనే చరణంలో మీది.

పరీక్షించుకోవడం ఎట్లా? మెల్లగా వాయించే నాలుగు బార్లూ మెట్రోనోమ్ శబ్దం ఆపెయ్యండి, గట్టి భాగానికి మళ్లీ వచ్చేలా పెట్టుకోండి. ఫోన్‌లో కొన్ని యాప్‌లకి ఈ సౌకర్యం ఉంది. లేదంటే ఇంట్లో ఎవరినైనా నాబ్ తిప్పమనండి. శబ్దం తిరిగొచ్చినప్పుడు మీ దెబ్బ దాంతో కలిస్తే సరే. నాకు కలవడానికి పదకొండు రోజులు పట్టింది. క్లాక్ టవర్ దగ్గర మేము ప్రాక్టీసుకి తీసుకున్న మడిగెలో, పక్క టైలరు మిషన్ మోత మధ్యన.

ఇంకో సంగతి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే మెల్లగా ఉన్నదీ గట్టిగా ఉన్నదీ ఒక్కలాగే వినిపించొచ్చు. కంగారుపడొద్దు, చాలా ఫోన్లు శబ్దాన్ని తమంతట తామే సమం చేసేస్తాయి. యాప్ సెట్టింగుల్లో అది ఆపే వీలుంటే ఆపండి. లేకపోతే గది తలుపు వేసి, బయట నిలబడ్డ మనిషిని అడగండి. చరణంలో స్వరం తెలియాలి, పల్లవిలో తలుపు కదలాలి.

బ్యాండులో వాయించేవాళ్లు డ్రమ్మర్‌తో కూర్చుని ఇదే చెయ్యండి. ఆయన చరణంలో హై-హ్యాట్ (జంట తాళాలు) మూసిపెట్టి, స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) అంచుకే పరిమితం కావాలి. ఒప్పుకోడు. మా అన్న నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి క్రిస్మస్‌కి చర్చిలో వాయించినప్పుడు, పాట మధ్యలో ఇద్దరం తగ్గితే, ముందు వరస పిల్లలు పాడే గొంతులు స్టేజీ మీద మాకే మొదటిసారి వినపడ్డాయి. అన్న నా వైపు చూసి, పుల్లలు ఇంకా తగ్గించాడు.

వచ్చే పాఠం పిక్ గురించి. 1 మిల్లీమీటరుకి తగ్గని పిక్ ఒకటి తెచ్చిపెట్టుకోండి. అప్పటిదాకా రోజూ ఇరవై నిమిషాలు ఈ ఎనిమిది బార్లే.