ఆట నుంచి రిటైరయ్యాక వ్యాపారంలో నిలదొక్కుకోవడం ఎలా?

ఆటగాళ్లకు రిటైర్మెంట్ చాలా తొందరగా వస్తుంది. ముప్పై అయిదేళ్లకే ఆట ఆపేసినా, ఇంకా పాతికేళ్లు కష్టపడే ఓపిక ఉంటుంది. వ్యాపారం మంచి దారే. కానీ మీ పేరు చూసి జనం మొదటిసారి వస్తారు, రెండోసారి రావాలంటే మీకు పని తెలిసి ఉండాలి.

ముందు ఇంటి డబ్బు వేరు చేయండి. రెండు మూడేళ్ల ఇంటి ఖర్చు, పాత గాయాలకు అయ్యే వైద్యం, కట్టాల్సిన పన్నులు తీసేశాక మిగిలిందే పెట్టుబడి. ఉన్న ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండి.

తర్వాత పని నేర్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు జూనియర్ బ్రిడ్జ్‌మన్ పెద్ద స్టార్ కాదు, ఎక్కువగా బెంచీ మీద నుంచి లేచి వచ్చి ఆడినవాడు. సీజన్ లేని రోజుల్లో వెండీస్ రెస్టారెంట్లలో పనిచేస్తూ ఆ వ్యాపారం నేర్చుకున్నాడు. 1987లో ఆట మానేశాడు, తర్వాత అలాంటివి వందకు పైగా నడిపాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రోజర్ స్టాబాక్ ఆడే రోజుల్లోనే రియల్ ఎస్టేట్‌లో పనిచేసి, 1977లో సొంత కంపెనీ పెట్టాడు. 2008లో దాన్ని 60 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మాడు.

మీరూ ఎంచుకున్న రంగంలో ఆరు నెలలైనా ఎవరి దగ్గరైనా పనిచేయండి. సరుకు ఎవరిస్తారు, ఎంత పాడవుతుంది, పనివాళ్లు ఎందుకు మానేస్తారు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. నిన్నటిదాకా స్టేడియమంతా చప్పట్లు అందుకున్న మనిషికి ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర బిల్లింగ్ నేర్చుకోవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. అయినా కోచ్ మాట వినే అలవాటు మీకు చిన్నప్పటి నుంచీ ఉంది కదా, అది ఇక్కడ బాగా పనికొస్తుంది.

సంతకం దగ్గర తొందరపడకండి. భాగస్వామి మీ నుంచి ఏం కోరుతున్నాడో విడివిడిగా రాసుకోండి: పేరు, డబ్బు, సమయం. పేరు ఒక్కటే కావాలంటే దానికి ఫీజు తీసుకోండి. డబ్బు కూడా పెడుతుంటే వాటా ఎంతో, లెక్కలు చూసే హక్కు, బయటికి వచ్చే దారి ఏమిటో కాగితం మీద ఉండాలి. బ్యాంకు అప్పుకు వ్యక్తిగత గ్యారంటీ ఇస్తే, కంపెనీ మునిగినా బ్యాంకు మీ దగ్గరికే వస్తుంది. భాగస్వామి తెచ్చిన లాయర్‌తో సరిపెట్టుకోవద్దు, మీకంటూ ఒకర్ని పెట్టుకోండి. స్నేహితుడైనా, పాత టీమ్‌మేట్ అయినా ఇంతే.

చిన్నగా మొదలుపెట్టి, వారం వారం నగదు చూసుకోండి. అప్పు మీద అమ్మిన సరుకు డబ్బు 60 రోజులకు వస్తుంది, జీతాలు, అద్దె 30 రోజులకే కట్టాలి. లాభం కనిపిస్తున్నా చేతిలో డబ్బుండదు. టెన్షన్ అంతా అక్కడే. అందుకే వచ్చే రెండు నెలల్లో ఏ తేదీకి ఎంత వస్తుందో, ఎంత పోతుందో ఒకే పేజీలో రాసి పెట్టుకోండి.

మొదటి నెల గిరాకీ చూసి రెండో బ్రాంచి తెరవకండి. అప్పుడొచ్చేవాళ్లలో చాలామంది మీతో సెల్ఫీ కోసం వస్తారు. మీరు లేని రోజున కూడా వచ్చి కొనేవాళ్లు ఎంతమందో మూడో నెల నుంచి లెక్కపెట్టి, అప్పుడు ఆలోచించండి.