పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించే ముందు డీ డ్రైవ్ సంగతి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లలో దాదాపు వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. మన నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లలో పిల్లల చదువుకని పదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌లు, మద్రాసు రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌కి తెచ్చుకున్న ఆఫీసు పెట్టెలు చాలావరకు అక్కడే ఆగిపోయాయి. వాటిని పాత సామాన్లకు వేసెయ్యకండి. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే బ్యాంకు పని, యూట్యూబ్, పిల్లల ప్రాజెక్టులు హాయిగా నడుస్తాయి. అయితే ‘ఏ లినక్స్ మంచిది’ అని అడిగేకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ డిస్కులో ఏమేం ఉన్నాయి?

మన దగ్గర కంప్యూటర్ బిగించేవాళ్లు హార్డ్ డిస్కును సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇస్తారు. విండోస్ పాడైనప్పుడల్లా షాపతను సీ ఒక్కటే ఫార్మాట్ కొడతాడు, డీలో పెళ్లి ఫోటోలు భద్రంగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఇదే చూశాం కాబట్టి, ‘ఎట్టాగూ డీలో ఉన్నాయి కదన్నా, వాటికేం కాదులే’ అనే ధీమా అందరికీ ఉంది. లినక్స్ దగ్గర ఆ ధీమా పనికిరాదు. దానికి సీ, డీ అనే పేర్లే ఉండవు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అన్నదాన్ని ఎంచుకుంటే డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, డీ, ఈలతో సహా. విండోస్ పక్కనే ఉంచి లినక్స్ వేసుకునే దారి కూడా చూపిస్తుంది కానీ, భాగాల సైజులు మార్చే పని అది. కాపీ తీయకుండా దాన్నీ ముట్టుకోవద్దు.

ఫోటోలు, పొలం కాగితాల స్కానింగులు, సర్టిఫికెట్లు అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను మరిచిపోకండి, అవి సీలోనే ఉంటాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా బయటికి తీసుకోండి. ఎక్కించాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ అయినట్టు.

ఇంతకంటే మంచి దారి ఇంకోటుంది, నేనైతే దానికే ఓటేస్తాను. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) ఒకటి కొని, పాత హార్డ్ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టి, లినక్స్‌ను ఎస్‌ఎస్‌డీ మీద వేయండి. పొరపాటున ఏ బటన్ నొక్కినా పాత సరుకు జోలికి పోదు. నచ్చకపోతే పాత డిస్కు మళ్లీ తగిలిస్తే విండోస్ ఎప్పటిలాగే వస్తుంది. పైగా కంప్యూటర్ వేగం పెరగడంలో సగానికి పైగా పుణ్యం ఆ ఎస్‌ఎస్‌డీదే.

తర్వాత, మీ పనికి ఏ ప్రోగ్రాములు కావాలో చూసుకోండి. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు, డిజిటల్ సంతకం టోకెన్‌తో జీఎస్‌టీ రిటర్నులు వేసేవాళ్లు ఆ మెషీన్‌ను కదిలించకపోవడమే మేలు. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేసేవాళ్లకూ అదే మాట. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు ఆ ఫాంట్ లేనిచోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. కాబట్టి ముఖ్యమైనవి ఉంటే విండోస్ ఉండగానే యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలోకి, మార్చుకోండి. ప్రింటర్ల విషయానికొస్తే హెచ్‌పీవి చాలావరకు తగిలించగానే పలుకుతాయి. జిరాక్స్ షాపుల్లో, ఇళ్లలో విరివిగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 అలా కాదు. దానికి డ్రైవర్ (ఆ పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) విడిగా ఎక్కించి కుస్తీ పట్టాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ తలనొప్పి వద్దు.

ఇక ఏ లినక్స్? అందులో చాలా రకాలున్నాయి. ర్యామ్ 4 జీబీ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి, మరో ఆలోచన అక్కర్లేదు. కింద మెనూ, గడియారం అంతా విండోస్ 7 వాడినవాళ్లకు అలవాటైన తీరులోనే ఉంటుంది. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ఉంటే అందులోనే సినమన్ రకం ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. 2 జీబీతో నెట్టుకొస్తున్నవాళ్లు లుబుంటు అనే తేలికపాటి లినక్స్ ప్రయత్నించవచ్చు. కానీ ర్యామ్‌ను మింగేది బ్రౌజరే కాబట్టి, ఎంత తేలిక లినక్స్ వేసినా పది ట్యాబులు తెరిస్తే ఉక్కిరిబిక్కిరి కాక తప్పదు. పాత జీ31 రకం మదర్‌బోర్డుల్లో కూడా 4 జీబీ దాకా పడుతుంది, వాడిన డీడీఆర్2 ర్యామ్ దొరికితే వేయించండి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు కాళీ లినక్స్ వేస్తామని ఉబలాటపడతారు. అది సెక్యూరిటీ పరీక్షలు చేసేవాళ్ల కోసం చేసింది, ఇంట్లో వాడకానికి కాదు.

విండోస్‌లో 32-బిట్ అని కనిపించగానే కంగారుపడకండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ దగ్గర ప్రాసెసర్ ఎక్స్64 అని ఉంటే 64-బిట్ లినక్స్ నడుస్తుంది. నిజంగా 32-బిట్ ప్రాసెసరే అయితే దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ కూడా దానికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. అలాంటి పెట్టె మీద డబ్బు, శ్రమ పెట్టవద్దు.

లినక్స్ ఇన్‌స్టాల్ చేసే ఫైలును మింట్ అసలు సైట్ నుంచే దించుకోండి. రూఫస్ అనే ఉచిత విండోస్ ప్రోగ్రాముతో దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది కనుక ఖాళీది వాడండి. కంప్యూటర్ ఆన్ అవుతుండగానే డెల్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఒక సాయంత్రమంతా అలాగే వాడి చూడండి. సౌండ్ వస్తోందా, వైఫై అందుతోందా, ప్రింట్ పడుతోందా, యూట్యూబ్ ఆగకుండా ఆడుతోందా? పెన్‌డ్రైవ్ మీద కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని చూసి వేగం అంచనా కట్టవద్దు. వైఫై దొరక్కపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే ఫోన్ సెట్టింగ్) పెట్టండి. నెట్ రాగానే మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ చాలా చిప్పులకు డ్రైవర్ వెతికిపెడుతుంది.

కరెంటు సంగతి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండం కబురు రాగానే ఏ క్షణంలో సరఫరా పోతుందో తెలియదు. ముసురు పట్టిన రోజున ఇన్‌స్టాల్ మొదలుపెట్టకండి. పాత హార్డ్ డిస్కు మీద అరగంటకు పైనే పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే సగం రాసిన డిస్కు మిగులుతుంది. యూపీఎస్ ఉన్నా దాని బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకోండి. రోహిణి కార్తె ఎండల్లో అయితే మూత తీసి ఫ్యాన్‌లో దుమ్ము దులిపాకే కూర్చోండి.

మూత తీసినప్పుడే మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చేయండి. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. జనం ఆ నేరాన్ని లినక్స్ మీద వేస్తారు. తెలుగు టైపింగ్‌కు వేరే ఏదీ కొనక్కర్లేదు, కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు లేఔట్ కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీబోర్డు అమరిక) సిద్ధంగా ఉంటుంది.