కుర్రకారుకి మొదటి కారు: సెకండ్ హ్యాండ్‌లో హుషారైన బండి ఎంచుకోవడం ఎలా?

ఇరవై ఏళ్లొచ్చిన పిల్లలు కారు అడిగితే ఇంట్లో రెండు వర్గాలు తయారవుతాయి. నాన్నకి మైలేజీ, రీసేలు కావాలి. పిల్లలకి పికప్ కావాలి. మధ్యలో అమ్మ, ఏ బండైనా సరే స్పీడు మాత్రం వద్దంటుంది. ముగ్గురూ ఒప్పుకునే బళ్లు నాలుగైదు లక్షల లోపే సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దొరుకుతాయి. కాకపోతే చూసే పద్ధతి తెలియాలి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నడపడంలో సరదా హార్స్‌పవర్‌తో రాదు. బరువు టన్నుకి అటూ ఇటూగా ఉండే చిన్న కారు, చేతికి రోడ్డు తెలిసే స్టీరింగు, ఠక్కున పడే మాన్యువల్ గేరు ఉంటే యాభై, అరవై స్పీడులోనే నడిపినవాడి ముఖంలో వెలుగు కనిపిస్తుంది. పెద్ద ఇంజిన్ బండిలో అదే సరదా రావాలంటే నూట ఇరవై దాటాలి. కొత్తగా స్టీరింగు పట్టినవాళ్లకి అలాంటి బండి కొనివ్వకండి, వాళ్లెంత బతిమాలినా సరే.

1. డబ్బు లెక్క ముందు, బండి తర్వాత

చేతిలో నాలుగు లక్షలుంటే నాలుగు లక్షల బండి చూడకండి. మూడు లక్షల నలభై వేల దగ్గర ఆగండి. మిగిలినదాంట్లో పేరు మార్పిడి, ఇన్సూరెన్సు, మొదటి సర్వీసు, అవసరమైతే నాలుగు టైర్లు రావాలి. హ్యాచ్‌బ్యాక్‌కి మంచి కంపెనీ టైర్లు నాలుగూ మార్చాలంటే ఇరవై వేల దాకా అవుతుంది. అరిగిన టైర్లతో ఎంత మంచి బండీ వానలో మాట వినదు. టైర్లు మార్చడానికి డబ్బు మిగలని బేరం ఎంత చవకైనా మంచి బేరం కాదనే అంటాను.

ఇన్సూరెన్సులో మన దేశపు పద్ధతి కుర్రాళ్లకి కలిసొస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడగండి, ఇంట్లో పదిహేడేళ్ల డ్రైవరు ఉంటే ప్రీమియం ఎక్కడికి పోతుందో చెబుతారు. ఇక్కడ థర్డ్ పార్టీ ప్రీమియానికి వయసుతో పని లేదు, ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. చిన్న ఇంజిన్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం.

పద్దెనిమిది నిండని పిల్లాడికైతే ఈ వ్యాసం ఇంకొన్నాళ్లు ఆగాక చదవండి. మైనరు బండి నడిపి దొరికితే 2019 సవరణ చట్టం ప్రకారం తల్లిదండ్రులకి లేదా ఓనరుకి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు.

2. ఏ బండి?

మారుతి స్విఫ్ట్ అందరికీ తెలిసిందే. 1.2 పెట్రోలు ఇంజిన్ హుషారుగా తిరుగుతుంది, గేరు తేలిగ్గా పడుతుంది, ఏ ఊళ్లో మెకానిక్‌కైనా కళ్లు మూసుకుని విప్పడం వచ్చు. చిక్కల్లా ధర. స్విఫ్ట్‌కి గిరాకీ ఎక్కువ కాబట్టి వయసైపోయిన బండికి కూడా ఓనరు దర్జాగా రేటు చెబుతాడు. ఇంకో చిక్కు, 2018లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో అప్పటి కొత్త స్విఫ్ట్‌కి వచ్చింది అయిదుకి రెండు స్టార్లే.

నన్నడిగితే ఫోర్డ్ ఫీగో చూడమంటాను, 2015లో వచ్చిన రెండో తరానిది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ దెబ్బకి రీసేలు పడిపోయింది, కొనేవాడి పంట పండింది. అదే డబ్బుకి స్విఫ్ట్ కంటే రెండు మూడేళ్లు కొత్త బండి దొరకొచ్చు. స్టీరింగు, సస్పెన్షను ఈ ధరలో దీన్ని మించినవి అరుదు. 1.5 డీజిల్‌ది 100 పీఎస్ (హార్స్‌పవర్‌కి దాదాపు సమానమైన కొలత), 215 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం. చిన్న బండికి అది కాస్త ఎక్కువే, అందుకే అప్పుడే లైసెన్సు వచ్చినవాళ్లకి 1.2 పెట్రోలు చాలంటాను. సర్వీసుకి సంబంధించిన పార్టులు దొరుకుతున్నాయి. బంపరు, హెడ్‌లైటు లాంటి బాడీ పార్టులకి మాత్రం ఎదురు చూడాల్సి రావచ్చు. కొనేముందే మీ ఊళ్లో ఫోర్డ్ చేసే మెకానిక్ ఎవరో కనుక్కోండి.

ఫోక్స్‌వ్యాగన్ పోలో మీద కుర్రాళ్లకి ఉన్న మోజు ఇంకా తగ్గలేదు. 2014లో రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో నాలుగు స్టార్లు తెచ్చుకుంది. డోరు వేస్తే వచ్చే చప్పుడుకే సగం మంది పడిపోతారు. కానీ పోలో అని పేరున్నవన్నీ హుషారైనవి కావు. టర్బో లేని 1.2, 1.0 పెట్రోళ్లు బరువు లాగలేక ఆయాసపడతాయి. హుషారంతా టర్బో ఉన్న టీఎస్‌ఐ పెట్రోలులోనే. అందులోనూ పాత 1.2 టీఎస్‌ఐకి వచ్చే ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ పాడైతే బిల్లు లక్ష దాటే ప్రమాదం ఉంది. మొదటి బండిగా అది వద్దు. 2020 తర్వాతి 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ దొరికితే అదృష్టం, ధర మాత్రం మీ బడ్జెట్ దాటుతుంది.

హోండా బ్రియోని చాలామంది మర్చిపోయారు. చిన్న బండి, 88 పీఎస్ ఐ-వీటెక్ ఇంజిన్. సిటీలో దూసుకుపోతుంది, గల్లీలో ఇట్టే తిరుగుతుంది. డిక్కీలో రెండు బ్యాగులు పట్టడమే గగనం. ఏ హోండా కొన్నా టకాటా కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల రీకాల్ (కార్ల కంపెనీయే పిలిచి మార్చే) పని పూర్తయిందో లేదో చాసిస్ నంబరుతో షోరూములో కనుక్కోండి, మార్చకపోతే ఉచితంగా మారుస్తారు. భద్రతే ముఖ్యం అనుకునే ఇంటికి 2020 తర్వాతి టాటా టియాగో సరిపోతుంది. నాలుగు స్టార్లు, దిట్టమైన బాడీ. నడపడంలో ఫీగో అంత చురుకు లేదు, అమ్మగారి ఓటు మాత్రం దీనికే.

డీజిలా, పెట్రోలా అంటే రోజుకి యాభై కిలోమీటర్లు తిరగనివాళ్లకి పెట్రోలే. ఏ మోడలైనా రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేని బండి వద్దు. ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. అంతకు ముందువైతే వేరియంట్ చూసి కొనాలి.

వెడల్పు టైర్లు, కిందికి దించిన స్ప్రింగులు, ఊరంతా వినిపించే సైలెన్సరు వేయించిన బండి కనిపిస్తే పిల్లలు ముచ్చటపడతారు. మీరు పక్క బండి చూడండి. ఆ ఓనరు ఇంజిన్‌ని ఎలా వాడి ఉంటాడో సైలెన్సరే చెబుతోంది.

3. ఇంట్లో కూర్చుని చేసే పరీక్ష

బండి దగ్గరికి వెళ్లకముందే నంబరు అడగండి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఏ ఏడాది, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, ఫైనాన్సు ఉందా అన్నీ తెలుస్తాయి. పెండింగు చలాన్లు కూడా చూసుకోండి. హైదరాబాదు బండికి పాతిక చలాన్లుండటం వింతేం కాదు, కానీ అన్నీ ఓవర్ స్పీడువైతే ఆలోచించాలి.

పాత బళ్లు అమ్మే కన్సల్టెన్సీ వాళ్లు ప్రతి బండీ డాక్టరుగారిదే అంటారు. ఆ లెక్కన మన రాష్ట్రాల్లో డాక్టర్లు ఏడాదికో కారు మార్చాలి. ఓనరు ఎవరన్నది పక్కనపెట్టి సర్వీసు రికార్డు అడగండి. కంపెనీ సర్వీసులో చేయించిన బండైతే నంబరు చెప్పగానే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్లో ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పారా అన్నది అక్కడే బయటపడుతుంది.

ఇన్సూరెన్సు పాలసీ కాపీ కూడా తెప్పించుకోండి. అందులో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంటే ఓనరు వరసగా కొన్నేళ్లు ఏ క్లెయిమూ చేయలేదన్నమాట. ఆరేళ్లుగా ఒకే ఓనరు దగ్గరున్న బండికి సున్నా ఉందా? ఏం జరిగిందో అడగండి. ఆ బోనస్ ఓనరుకి చెందినది, బండితో పాటు మీకు రాదు.

4. బండి దగ్గర

పొద్దున్నే వెళ్లండి. ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేస్తే వేడి తెలుస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంటు లోపలికి పోతోందేమో అనుమానించాలి. ఆయిలు మూత తీసి కింద చూడండి. మజ్జిగ రంగు నురగ పేరుకుని ఉంటే ఇక మాట్లాడకుండా వెనక్కి వచ్చేయండి.

టింకరింగు చేసిన బండిని పట్టుకోవడం కష్టమేం కాదు. ఎండలో ఏటవాలుగా చూస్తే రంగు తేడా కనబడుతుంది. బానెట్, ఫెండరు బోల్టుల మీద స్పానరు గీతలుంటే అవి ఒకసారి విప్పినవే. ప్రతి అద్దం మీదా తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది, ఒక్కటి వేరుగా ఉంటే ఆ వైపు కథ అడగండి. బంపరు గీతలకి భయపడక్కర్లేదు. డోర్ల మధ్య స్తంభాలకి, ముందు చాసిస్‌కి వెల్డింగ్ తగిలి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ముప్పై వేలే తిరిగిందంటున్న 2019 బండికి 2023 టైర్లున్నాయంటే మీటరు మీద అనుమానం రావాలి.

ఇప్పుడు నీళ్లలో మునిగిన బండి సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం టీవీలో చూశాం. ఇన్సూరెన్సు వాళ్లు టోటల్ లాస్ అని వదిలేసిన బళ్లు వేలంలో అమ్ముడై, శుభ్రమై మళ్లీ మార్కెట్లోకి వస్తుంటాయి. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, సెంటు కొడతారు. సీటు బెల్టు మాత్రం మర్చిపోతారు. దాన్ని చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ చివరి జానెడు ముక్క మీద మట్టి రంగు చార ఉందేమో వేళ్లతో రుద్ది చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంట అడుగున ఒండ్రు, సీటు పట్టాల స్క్రూల మీద తుప్పు, డాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము కోసం టార్చి వేసి వెతకండి. నీళ్లు తాగిన వైరింగు నడిరోడ్డు మీద మొరాయిస్తే దానికి మందు లేదు.

5. ఎవరు నడపాలో వాళ్లే నడిపి చూడాలి

టెస్ట్ డ్రైవ్ నాన్న చేసి పిల్లలు వెనక సీట్లో కూర్చోవడం మన దగ్గర మామూలే. లైసెన్సున్న కుర్రాడినో, అమ్మాయినో స్టీరింగు ముందు కూర్చోబెట్టండి. క్లచ్ పూర్తిగా తొక్కితే మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. పక్క అద్దాల్లో వెనక రోడ్డు కనబడాలి.

పావుగంట చాలదు. ట్రాఫిక్, ఫ్లైఓవరు ఎక్కుడు, గతుకుల రోడ్డు మూడూ తగలాలి. మూడో గేరులో ముప్పై మీద ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి బండి కదలకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. మలుపు తిరిగాక స్టీరింగు వదులుగా పట్టుకుంటే దానంతటది మధ్యకి రావాలి. వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగకూడదు. ఏసీ వేసి, పాటలు ఆపేసి స్పీడ్ బ్రేకర్లు దాటండి. అమ్మేవాడు పాటలు పెడతానంటే వద్దనండి.

అన్నీ కుదిరాక మీకు తెలిసిన మెకానిక్‌ని పిలిచి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించండి. వెయ్యో రెండు వేలో ఇస్తే పోయేదేం లేదు. అమ్మేవాడి మెకానిక్ మాట లెక్కలోకి రాదు.

6. కాగితాలు

సీ బుక్కులో చాసిస్ నంబరు, బండి మీద చెక్కిన నంబరు అంకె అంకె సరిచూడండి. ఫైనాన్సు తీరిపోయిందంటే నోటి మాట చాలదు, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ‘తర్వాత చేయించుకుందాం’ అనే బేరానికి ఒప్పుకోకండి, మొత్తం డబ్బులో కొంత పేరు మారేదాకా ఆపుకోండి. ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకోవాలి.

ఢిల్లీ బళ్లు చవకగా కనిపిస్తాయి. అక్కడ పాత డీజిల్ బళ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి దక్షిణాదికి వస్తుంటాయి. ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు, మళ్లీ రిజిస్ట్రేషను కలుపుకుంటే ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది. మొదటి కారుకి ఆ తిప్పలు అనవసరం.

7. ఇంటికి తెచ్చాక మొదటి వారం

ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బ్రేక్ ఆయిలు పాత ఓనరు మార్చానన్నా సరే మార్చేయండి. బ్రేకు ప్యాడ్లు చూపించండి. జాకీ, వీల్ స్పానరు ఉన్నాయో లేదో చూసి, పిల్లలతోనే ఒకసారి ఇంటి ముందు స్టెప్నీ మార్పించండి.

ఇక అద్దం మీద అతికించి ఉన్న పాత ఫాస్టాగ్. అది పాత ఓనరు ఖాతాది. ఆయన దాన్ని మూయించేదాకా మీ పేరున కొత్తది తీసుకోవడం కుదరదు. డబ్బు చేతులు మారే రోజే ఆయన ఫోన్లో ఆ పని చేయించేయండి. లేదంటే విజయవాడ వెళ్తూ పంతంగి టోల్ దగ్గర మామూలు కంటే ఎక్కువ కట్టి, ఆయనకి ఫోన్ చేస్తూ నిలబడాల్సి వస్తుంది.