లీకులు పట్టే పని పిల్లలకివ్వండి
నీళ్లు వృథా చేయొద్దని పిల్లలకి పదే పదే చెప్పే బదులు ఇంట్లో లీకులు పట్టే పని అప్పగించండి, భలే హుషారుగా చేస్తారు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి, ఓ 20 నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆగి, కమోడ్‌లోకి తొంగి చూడమనండి. రంగు కిందికి దిగిందంటే లోపలి రబ్బరు వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట, చాలాసార్లు అది మారిస్తే సరిపోతుంది. ఈ లీకుకి పెద్దగా చప్పుడుండదు, అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడదు, నా బాధంతా అదే. చూశాక వెంటనే ఫ్లష్ చేసేయండి, మరక పడకుండా. కారే కుళాయి కింద గంటసేపు కొలతలున్న సీసా పెట్టించి, పడిన నీళ్లని 24తో హెచ్చవేయిస్తే రోజుకి ఎంత పోతోందో వాళ్లకే తెలుస్తుంది.