కోడి కునుకుతుంటే ముందు గంప, తర్వాతే మందు

నాటుకోడి తన జబ్బు బయటపడనీయదు. నీరసంగా కనిపిస్తే మిగతావి పొడుస్తాయి కాబట్టి ఓపిక ఉన్నంతసేపు మామూలుగానే తిరుగుతుంది, మనం గమనించేసరికే ఆలస్యమైపోతుంది. పొద్దున గూడు తెరిచి గింజలు చల్లాక ఒక్క నిమిషం అక్కడే నిలబడండి. ఏది పరుగెత్తి రాలేదు, ఏది రెక్కలు వాల్చుకుని మూల కునుకుతోంది, అది చూడాలి.

అలాంటిది కనిపిస్తే వెంటనే పట్టుకుని వేరే గంప కింద పెట్టండి. ఈదురుగాలి కొట్టని వెచ్చని చోటు, కింద పొడి ఊక, పక్కన నీళ్ళు. బాగా నీరసంగా ఉంటే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఒక రోజు అవే పెట్టండి. నోరు తెరిచి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే చచ్చిపోతుంది. ముక్కు అంచున చుక్క పెడితే అదే చప్పరిస్తుంది.

తర్వాత రెట్ట చూడండి. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో రెట్టతో రక్తం పడుతుంటే ఎక్కువగా అది కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు, తడి ఊకలో పెరుగుతుంది. పశువుల డాక్టర్ చెప్పిన మోతాదులో ఆంప్రోలియం నీళ్ళలో కలిపి ఇస్తే చాలావరకు నిలబడతాయి, కానీ ఊక మొత్తం మార్చకపోతే మళ్ళీ వస్తుంది. జుట్టు మీద, కళ్ళ చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. దోమలతో వ్యాపిస్తుంది, పొక్కులు గిల్లకుండా వదిలేస్తే మూడు నాలుగు వారాల్లో వాటంతటవే రాలిపోతాయి.

గాయాల దగ్గర మాత్రం పైపైన చూసి వదిలేయొద్దు. మా ఎర్ర పెట్టని వీధికుక్క పట్టి వదిలేసినప్పుడు నాలుగు ఈకలు ఊడాయి, అంతే అనుకున్నాను. చేత్తో తడిమితే వేళ్ళకి జిగురు తగిలింది, ఈకలు విడదీసి ఊది చూస్తే వీపు మీద చర్మం అరచేయంత చిరిగి లోపల ఎర్రటి కండ కనిపించింది. చుట్టూ ఈకలు కత్తిరించాను (పీకితే చర్మం ఇంకా చిరుగుతుంది), కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు వేసి సిరంజితో కడిగి, బీటాడిన్‌ని పలచటి టీ డికాషన్ రంగుకి తెచ్చి తుడిచాను. రోజుకి రెండుసార్లు ఇదే పని. ఈగలు వాలితే పురుగులు పడతాయి కాబట్టి గంప మీద దోమతెర కప్పాను. ఎర్రగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడిచి చంపేస్తాయి, అందుకే మూడు వారాలు బయటికి వదల్లేదు. కిరసనాయిలు, కారం లాంటివి దయచేసి పూయొద్దు, అది ఎంత మంటో ఒకసారి ఆలోచించండి. పంటిగాట్లు లోతుగా దిగితే చీము పట్టకముందే డాక్టర్‌కి చూపించాలి.

ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, గురకలా ఊపిరి, మెడ తిరిగిపోవడం, ఇవి కనిపిస్తే కొక్కెర రోగం (రాణిఖేత్) అనుకోవాలి. దానికి మందు లేదు. ఆ కోళ్ళని సంతలో అమ్మేయడం మాత్రం ఘోరం, మన ఇంటి రోగాన్ని ఇంకో ఊరికి పంపినట్టే. చచ్చినవాటిని సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఒకేసారి నాలుగైదు పోతే ముట్టుకోకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, ఏది ఏదో చూడగానే మనం తేల్చలేం.

కొక్కెరకి టీకా ఒక్కటే దారి. పిల్ల పుట్టిన ఏడో రోజున లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, 28వ రోజుకి మళ్ళీ, ఎనిమిదో వారంలో ఆర్2బి అనే టీకా అర మిల్లీలీటరు రెక్క కింద సూది. ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయాలి, మందు ఐస్‌లోనే తేవాలి. సీసా వంద కోళ్ళకో అంతకన్నా ఎక్కువకో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మీకు పది కోళ్ళే ఉంటే వీధిలో అందరినీ కలుపుకుని, పొద్దుగూకి అవి గూట్లోకి చేరాక ఒకేసారి వేయించండి.