వాల్‌హైమ్‌లో కొత్తగా దిగినవారికి: ముందు ఇల్లు, తర్వాతే వేట

చదువుకో ఉద్యోగానికో దేశం దాటి వెళ్లి, తెలుగువాళ్లు శనివారాలు కలిసి ఆడే వాల్‌హైమ్ అనే కంప్యూటర్ ఆట లోకంలో చేరబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సూచనలు. కొత్త ఊళ్లో మొదటి చలికాలం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలిసినవాళ్లం కాబట్టే మిమ్మల్ని రమ్మంటున్నాం. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే చోట, సొంత భాషలో మాట్లాడుకుంటూ నలుగురితో కలిసి ఒక ఇల్లు కట్టడం మనసుకు ఎంత ఊరటో వచ్చి చూస్తే మీకే తెలుస్తుంది.

ముందు వేళ సంగతి. లెక్క ఎప్పుడూ భారత కాలమానం ప్రకారమే పెట్టుకోండి, ఎందుకంటే మన గడియారం ఏడాది పొడవునా మారదు. హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నర అయితే చలికాలంలో డబ్లిన్‌లో సాయంత్రం నాలుగు, డల్లాస్‌లో ఉదయం పది. వేసవిలో ఆ రెండు చోట్లా గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, అంటే అయిదు, పదకొండు. ఐరోపాలో అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పుతారు. ఆ రెండింటి మధ్య వచ్చే శనివారం అందరూ వేళ తప్పేది అందుకే.

వాల్‌హైమ్‌ను స్వీడన్‌లోని స్కోవ్డే పట్టణంలో ఉన్న ఐరన్ గేట్ అనే చిన్న సంస్థ తయారు చేసింది. 2021 ఫిబ్రవరి 2న తొలిరూపం విడుదలైంది. ఉత్తర ఐరోపా వారి నార్స్ పురాణాల తొమ్మిది లోకాలకు అవతల ఉన్న పదో లోకం ఇది. చనిపోయిన యోధుణ్ణి వాల్కిరీ అనే దేవకన్య ఎత్తుకొచ్చి, లోకం నడిమధ్యన నిలువురాళ్ల వలయంలో దింపుతుంది. ఒంటి మీద చిరుగుపాత తప్ప పెద్దగా ఏమీ ఉండదు. హుగిన్ అనే కాకి వచ్చి రెండు ముక్కలు చెప్పి పోతుంది. అక్కడి నుంచి అంతా మీ చేతుల్లోనే.

మొదటి గంట

మీరు దిగిన పచ్చిక మైదానం పేరు మెడోస్. చిన్న మొక్కల్ని పిడికిలితో గుద్దండి, నేల మీద పడి ఉన్న కొమ్మలు, రాళ్లు ఏరుకోండి. మూడు కట్టెలు, రెండు రాళ్లతో సుత్తి వస్తుంది. అయిదు కట్టెలు, నాలుగు రాళ్లతో రాతి గొడ్డలి. పది కట్టెలతో పనిబల్ల. దానికి పైన కప్పు, పక్కన ఆచ్ఛాదన ఉంటేనే పనిముట్లు చేయనిస్తుంది. పాడుబడిన గుడిసె కనబడితే బల్లను అందులోనే పెట్టుకోండి, మొదటి రాత్రి గడిచిపోతుంది. ఏరులూ తీరాలూ దొరికినప్పుడు నీటి అంచున చూడండి: తెల్లగా, పలకలుగా కనిపించేవి చెకుముకి రాళ్లు. గొడ్డలికీ బల్లెంకూ అవి కావాలి, మైదానం నడుమ వెతికితే దొరకవు.

చెట్టు నరికేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. పడే చెట్టు మిమ్మల్నీ కొడుతుంది, ఇంటినీ కొడుతుంది. వాలులో నరికితే దుంగ దొర్లుకుంటూ వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లను అడవిపంది కంటే ఎక్కువగా చంపేది ఈ దుంగే. వాలుకు ఎగువన నిలబడి నరకండి.

తిండి గురించి కంగారు వద్దు. ఈ ఆటలో ఆకలితో చావరు, కానీ తినకపోతే బలం ఉండదు. ఒకేసారి మూడు రకాలు తినవచ్చు. పుట్టగొడుగులు, రాస్ప్‌బెర్రీలు, కాల్చిన మాంసం మొదట్లో సరిపోతాయి. చనిపోతే మీ సామాను సమాధి దగ్గరే ఉంటుంది, మ్యాప్ మీద గుర్తు పడుతుంది. వెళ్లి తెచ్చుకోండి. నేర్చుకున్న నైపుణ్యాల్లో కొంచెం తగ్గుతుంది, అంతే.

ఇల్లు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొత్తవాళ్లు చేతికి బల్లెం రాగానే బ్లాక్ ఫారెస్ట్ అనే చీకటి అడవిలోకి పరుగెత్తుతారు. దయచేసి ఆగండి. ఇంట గెలిచి రచ్చ గెలవమనే మాట ఈ ఆట లెక్కల్లోనే ఉంది. పైన కప్పు, పక్కన నిప్పు ఉన్న చోట కాసేపు కూర్చుంటే మీకు 'రెస్టెడ్' అనే స్థితి వస్తుంది. ఆ స్థితిలో అలసట తీరే వేగం రెట్టింపవుతుంది, గాయాలు మానే వేగం సగం మేరకు పెరుగుతుంది, నైపుణ్యాలు త్వరగా వస్తాయి. ఎంతసేపు ఉంటుందన్నది ఇంటి సౌకర్యాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో సౌకర్యానికి ఒక్కో నిమిషం కలుస్తుంది: నిప్పు, మంచం, కుర్చీ, బల్ల, నేల మీద తోలు, గోడకు జెండా. ఒకే జాతి వస్తువులు నాలుగు పెట్టినా ఒకటే లెక్క, కాబట్టి నాలుగు కుర్చీలకు బదులు నాలుగు రకాల సామాను చేయండి. అలంకారం అనుకుని వదిలేసే ఈ పనే పోరాటంలో మిమ్మల్ని నిలబెడుతుంది. ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టే ముందు ఆ స్థితి వచ్చిందో లేదో తెరపై మూల చూసుకోవడం అలవాటు చేసుకోండి.

చోటు ఎంచుకోవడంలో నా సలహా ఇది: మెడోస్‌లోనే, కానీ బ్లాక్ ఫారెస్ట్ అంచుకు దగ్గరగా, పడవ వచ్చే నీటి పక్కన. ఎందుకంటే రాగి, తగరం, ఇనుము లాంటి లోహాలు మామూలు పోర్టల్ (ఒక చోట దూరితే మరో చోట తేల్చే మాయద్వారం) గుండా వెళ్లవు. వాటిని మోసుకురావాలి, బండి మీదో పడవ మీదో తేవాలి. గనికీ కొలిమికీ మధ్య కొండ ఉంటే రోజూ ఆ కొండ ఎక్కాల్సిందే.

కట్టేటప్పుడు సుత్తి పట్టుకుని ఏ చెక్కనైనా చూస్తే రంగు కనిపిస్తుంది. నీలం అంటే నేలను తాకి నిలిచింది. నేలకు దూరమయ్యే కొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపు దాటితే చెక్క నిలబడదు, పెట్టగానే విరిగిపోతుంది. కప్పు నడుమ వెన్ను దగ్గరికి వచ్చేసరికి ఎరుపు కనబడుతుంటే గోడలు గట్టివి వేసి ప్రయోజనం లేదు. పూరింటికి నిట్రాడు నిలబెట్టినట్టు, ఇంటి మధ్యలో నేల నుంచి వెన్ను దాకా ఒకే వరుసలో స్తంభాలు ఎక్కించండి. దూలాలు, వాసాలు ఆ స్తంభాన్ని తాకగానే రంగు ఎరుపు నుంచి పసుపుకు, ఆకుపచ్చకు మారడం కళ్లముందే చూస్తారు. పెద్ద ఇల్లు కావాలనుకుంటే బ్లాక్ ఫారెస్ట్‌లోని పైన్ చెట్ల నుంచి వచ్చే కోర్ వుడ్ దుంగలు వాడండి. మామూలు కట్టె కంటే అవి బరువు బాగా ఆపుతాయి. పునాది కింద పెద్ద బండ ఉంటే అదీ నేల లెక్కే, దాని మీద నిలిపిన స్తంభం నీలంగానే ఉంటుంది.

పొగ విషయం కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. ఇంట్లో నిప్పు వేసి తలుపు మూస్తే పొగ పైకి లేచి కప్పు కింద పేరుకుంటుంది, ఆ తర్వాత మెల్లగా కిందికి దిగుతుంది. మంచం దగ్గరికి చేరితే ప్రాణం తగ్గడం మొదలవుతుంది. అలాగని కప్పుకు బొక్క పెడితే వాన నేరుగా నిప్పు మీద పడి ఆర్పేస్తుంది. వెన్ను దగ్గర చిన్న ఖాళీ వదిలి, దాని మీద కొంచెం ఎత్తులో చిన్న గొడుగు కప్పు వేయండి. పక్కల నుంచి పొగ పోతుంది, పై నుంచి వాన రాదు. ఇది కట్టిన తర్వాత బయట నిలబడి పొగ చూరు కింద నుంచి వంపు తిరిగి పోవడం చూడండి. ఈ ఆట తయారు చేసినవాళ్ల శ్రద్ధ మీద గౌరవం పుడుతుంది.

వానకు తడిసే చెక్క పాడవుతుంది, కానీ సగం బలం దగ్గర ఆగిపోతుంది. వాన ఒక్కదానికే కూలిపోదు. సుత్తితో బాగుచేయడానికి ఖర్చు లేదు, పనిబల్ల దగ్గర ఉంటే చాలు. ఇల్లు విప్పినా పెట్టిన కట్టె మొత్తం తిరిగి వస్తుంది. అందుకే ధైర్యంగా కట్టండి, నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టండి. ఇల్లు కట్టి చూడమన్న పెద్దల భయం ఇక్కడ అక్కర్లేదు.

కాపలాకు ఒక చిట్కా. పనిబల్ల చుట్టూ 20 మీటర్ల లోపల శత్రువులు మామూలుగా పుట్టుకురారు. ఊరి అంచుల్లో అక్కడక్కడా బల్లలు వేసి ఉంచండి, పై కప్పు లేకపోయినా ఈ పనికి చాలు. కానీ దండెత్తి వచ్చే గుంపులకు ఆ లెక్క వర్తించదు. కట్టె కంచెను ట్రోల్ అనే భారీ రాక్షసి కొద్ది దెబ్బలకే పీకేస్తుంది. పారతో రాళ్లు ఖర్చు చేసి నేలనే గోడలా పైకి లేపితే దాన్ని ఏ జంతువూ పగలగొట్టలేదు. బయట కందకం తవ్వితే ఇంకా మేలు.

రాగి, తగరం

ఐక్‌థిర్ అనే పెద్ద దుప్పిని ఓడించిన తర్వాతే దాని కొమ్ముతో పికాక్స్ చేయగలరు. అది లేనిదే రాగి రాదు. రెండు జింక తలలు సమర్పిస్తే ఐక్‌థిర్ వస్తుంది, నలుగురు కలిస్తే అరగంట పని కూడా కాదు.

కంచు ఎంత ఖరీదైనదో ముందే లెక్క వేసుకుంటే తర్వాత నిరాశ ఉండదు. రెండు రాగి, ఒక తగరం కలిస్తే ఒక కంచు. కంచు గొడ్డలికి ఎనిమిది కంచు కావాలి, అంటే 16 రాగి, 8 తగరం. ఒక్కో ముడిరాయిని కరిగించడానికి రెండు బొగ్గులు, ఒక్కో బొగ్గుకు ఒక కట్టె. మొత్తం 48 కట్టెలు కేవలం కాల్చడానికే. ఆ గొడ్డలి వచ్చాకే బర్చ్, ఓక్ చెట్లు నరకగలరు, వాటి మేలురకం కట్టెతోనే పోర్టల్, మంచి విల్లు, పడవ వస్తాయి. అందుకే మొదటి కంచును కత్తికో శిరస్త్రాణానికో పెట్టకండి, గొడ్డలికే పెట్టండి.

రాగి బండ పైకి కనిపించేది కొంతే, మిగిలింది భూమిలో ఉంటుంది. పైభాగాన్ని పగలగొట్టి వెళ్లిపోకండి. ముందు చుట్టూ మట్టి తీయండి, కందకంలా దిగండి, ఆ తర్వాత అడుగున కూడా తొలచండి. ఎక్కడా నేలను తాకకుండా బండ గాలిలో మిగిలితే, ఒక దెబ్బకు మొత్తం ఒక్కసారిగా ముక్కలై రాలుతుంది. ఆ చప్పుడు విన్నవాళ్లు ఇంకెప్పుడూ పైపైన తవ్వరు. తవ్వుతుండగా ట్రోల్ వస్తే భయపడి దూరం పరుగెత్తకండి. బండ చాటున నిలబడి తప్పించుకుంటూ ఉంటే, అది వేసే దెబ్బలకు బండే పగులుతుంది.

మీరు మోయగలిగే బరువు 300. ఒక్కో రాగి ముడిరాయి బరువు 10. ఒంటి మీది కవచం, ఆయుధాల బరువు పోను మిగిలేది కొంచెమే. తవ్వడానికి వెళ్లేటప్పుడు అక్కర్లేనివి ఇంటి పెట్టెలో వదిలి వెళ్లండి. గని దగ్గర ఒక చిన్న పెట్టె, ఒక పనిబల్ల, ఒక నిప్పు ఏర్పాటు చేసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. బొగ్గు బట్టీని మాత్రం గదిలో పెట్టకండి, పొగ పోయే దారి లేకపోతే అది పని ఆపేస్తుంది.

నలుగురిలో ఉన్నప్పుడు

మీ పాత్ర, మా లోకం వేర్వేరుగా నిల్వ ఉంటాయి. అంటే వేరే చోట సంపాదించినవన్నీ మీ సంచిలో పెట్టుకుని మా లోకంలోకి రావచ్చు. దయచేసి అలా రావద్దు. కొత్త పాత్రతో, ఖాళీ చేతులతో రండి. కష్టపడి తెచ్చిన మొదటి కంచు కళ్లముందు కరిగే ఆనందాన్ని మీ చేతులతోనే మీరు పోగొట్టుకోకండి.

రాత్రి త్వరగా గడవాలంటే లోకంలో ఉన్న ప్రతి ఒక్కరూ మంచమెక్కాలి. ఒకరు గనిలో ఉండిపోతే మిగిలినవారంతా మేలుకునే ఉంటారు. ఆటలో ఒక రోజంటే మన అరగంట, కాబట్టి చీకటి పడుతుందనగా పని ముగించి ఇల్లు చేరండి. ఉమ్మడి పెట్టెల్లోంచి కట్టె, రాయి, తిండి అడగకుండా తీసుకోవచ్చు. లోహాలు, కొలిమికీ పోర్టల్‌కూ కావాల్సిన సర్ట్‌లింగ్ కోర్‌లు తీసుకోవాలంటే ఒక మాట చెప్పండి, వాటి వెనుక ఎవరో ఒక రాత్రంతా సమాధి గుహల్లో తిరిగి ఉంటారు. నరికిన చోట బీచ్ చెట్టు విత్తనం నాటండి. ఊరి చుట్టూ మోడులు మిగిలితే చూడడానికి బాధగా ఉంటుంది, కట్టె కోసం నడిచే దూరమూ పెరుగుతుంది.

ఆట నెమ్మదిస్తే సర్వర్‌ను తిట్టకండి. ఒక ప్రాంతంలోకి ఎవరు ముందు అడుగుపెడితే అక్కడి జంతువుల, రాక్షసుల కదలికల లెక్క వారి కంప్యూటరే చూసుకుంటుంది. అందుకే పెద్ద పోరాటానికి వెళ్లేటప్పుడు మంచి నెట్, మంచి కంప్యూటర్ ఉన్నవారిని ముందు వెళ్లనివ్వండి.

ఊరి మధ్యలో కార్టోగ్రఫీ టేబుల్ (అందరి మ్యాప్‌లు పంచుకునే బల్ల) ఉంది. రాగానే దాని దగ్గరికి వెళ్లి మ్యాప్ చదువుకోండి, ఇప్పటిదాకా మేమంతా తిరిగిన తీరాలు, గనులు, గుహలు మీ మ్యాప్‌లోకి వచ్చేస్తాయి. ఆట ముగించి వెళ్లేటప్పుడు మీరు చూసినది కూడా అందులో నమోదు చేయండి. తగరం దొరికిన ఏటి వంపులకు తప్పకుండా గుర్తు పెట్టండి, మాకు ఎప్పుడూ కొరత దానికే.