ఎ, యాన్, ద: తప్పు ఎక్కడ పడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునే మన తెలుగు పిల్లల రెజ్యూమేలు, ఆఫీసు మెయిళ్లు చాలాకాలంగా దిద్దుతున్నాను. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో ఉంటారు. అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. చెప్పాల్సిన విషయం వాళ్లకు బాగా తెలుసు. టెన్సులు కూడా చాలామందికి సరిగ్గానే పడతాయి. దిద్దాల్సి వచ్చేది ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఆర్టికల్స్ అనే మూడు చిన్న మాటల దగ్గరే: ఎ, యాన్, ద.

రూల్స్ అప్పజెప్పమంటే గడగడా అప్పజెబుతారు. రాసేటప్పుడు మాత్రం ఏ రూల్ ఎక్కడ వాడాలో తోచదు. అందుకే ఇక్కడ రూల్స్ వరసలో కాకుండా, మీ వాక్యంలో కనిపించే తప్పు వైపు నుంచి చెబుతున్నాను. మీది ఏ తప్పో చూసుకుని అక్కడికి వెళ్లండి. రెండోది మాత్రం అందరూ చదవాలి.

ఆర్టికల్ అసలు పడటమే లేదు

"ఐ యామ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్." "ఐ హ్యావ్ మీటింగ్ ఎట్ త్రీ." "వీ నీడ్ క్యాబ్."

కారణం మన భాషలోనే ఉంది. "మీటింగ్ ఉంది", "క్యాబ్ కావాలి" అంటే తెలుగులో ఏ లోటూ లేదు. "ఒక" అనేది చెప్పినా చెప్పకపోయినా నడుస్తుంది. కన్నడంలో, తమిళంలో కూడా అంతే. అందుకే ఇక్కడి ఆఫీసుల్లో ఈ తప్పు ఎవరి చెవికీ తగలదు, ఎవరూ దిద్దరు. ఫారిన్ క్లయింటుకు మెయిల్ పెట్టినప్పుడే బయటపడుతుంది.

సరిచేసే పద్ధతి సులువు. ఆ మాట ముందు "టూ" పెట్టి చూడండి. టూ మీటింగ్స్, టూ క్యాబ్స్, టూ ఇంజినీర్స్ అనగలుగుతున్నాం కదా. అంటే అవి లెక్కకు వచ్చే మాటలు. లెక్కకు వచ్చే మాట ఏకవచనంలో ఉంటే ఇంగ్లిష్‌లో దాన్ని ఒంటరిగా వదలకూడదు. ముందు ఎ, యాన్, ద గానీ, మై, దిస్, ఎవ్రీ లాంటిది గానీ ఏదో ఒకటి ఉండి తీరాలి. "ఐ యామ్ ఎ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్." "ఐ హ్యావ్ ఎ మీటింగ్ ఎట్ త్రీ." ఏదో ఒకటి అన్నాను, రెండు కాదు: "ద మై లాప్‌టాప్" కుదరదు.

"సేమ్" ముందు "ద" మర్చిపోవడం కూడా చాలా ఎక్కువ. "ఐ హ్యావ్ సేమ్ ఇష్యూ" అని రాస్తారు. "ద సేమ్ ఇష్యూ" అనాలి. "ఫర్ ద ఫస్ట్ టైమ్", "ద బెస్ట్" కూడా ఈ కోవలోవే. లీవ్ మెయిల్లో "ఐ హ్యావ్ ఎ ఫీవర్", "ఎ హెడేక్", "ఎ కోల్డ్" అని రాయండి. డయాబెటిస్, మలేరియా లాంటి జబ్బుల పేర్లకు మాత్రం ఏమీ అక్కర్లేదు.

"ద" అని రాస్తే అవతలివాళ్లు "ఏది?" అని అడుగుతున్నారు

మేనేజర్‌కు ఇలా మెయిల్ వెళ్లిందనుకోండి: "ద సర్వర్ ఈజ్ డౌన్. ఐ స్పోక్ టు ద వెండర్. ది ఇంజినీర్ విల్ కమ్ టుమారో."

ఒక్కో మాటా చూద్దాం. ("ది" అన్నా అది "ద"యే, అచ్చు ముందు అలా పలుకుతాం.) టీమ్‌కు ఉన్నది ఒకటే సర్వర్ అయితే "ద సర్వర్" సరైనదే, ఏదో మేనేజర్‌కు తెలుసు. పది సర్వర్లుంటే తప్పు, ఏదో చెప్పలేదు కాబట్టి. వెండర్ విషయంలోనూ అంతే. ఇక ఇంజినీర్ ఎవరో మేనేజర్‌కు తెలిసే అవకాశమే లేదు, ఈ మెయిల్లోనే మొదటిసారి వచ్చాడు. అక్కడ "యాన్ ఇంజినీర్ విల్ కమ్ టుమారో" అనాలి. ఆ తర్వాతి వాక్యం నుంచి అతను తెలిసినవాడే: "ది ఇంజినీర్ విల్ నీడ్ ఎ గేట్ పాస్."

కారణం ఏమిటంటే, రాసేవాళ్లు తమకు తెలుసా అని చూసుకుంటారు. మీరు ఫోన్లో మాట్లాడారు కాబట్టి ఆ ఇంజినీర్ ఎవరో మీకు తెలుసు, వెంటనే "ద" పడిపోతుంది. చూడాల్సింది వినేవాళ్ల వైపు నుంచి. ఏదో వాళ్లకు తెలుసా? తెలిస్తే ద. తెలియకపోతే, ఒక్కటే అయితే, ఎ లేదా యాన్. నా అనుభవంలో ఈ ఒక్క ప్రశ్న అలవాటైనవాళ్లకు మిగతా రూల్స్‌తో పెద్దగా పని పడలేదు.

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదటిసారి "ఒక", రెండోసారి "ఆ". కథ చెప్పేటప్పుడు ఎవరూ నేర్పకుండానే సరిగ్గా చెబుతాం. ఇంగ్లిష్‌లో కూడా మొదటి రాజుకు ఎ, రెండో రాజుకు ద.

అలాగని "ఆ" వచ్చిన చోటే "ద" అనుకుంటే దెబ్బతింటారు. "సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్ ఎక్కాను, డ్రైవర్ తెలుగాయనే" అంటాం. డ్రైవర్ ముందు "ఆ" లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం "ఐ టుక్ ఎ క్యాబ్. ద డ్రైవర్ వాజ్ ఎ తెలుగు మ్యాన్" అనాలి. డ్రైవర్ సంగతి అప్పుడే మొదటిసారి వచ్చినా, క్యాబ్‌కు డ్రైవర్ ఒకడే ఉంటాడు కాబట్టి ఎవరో వినేవాళ్లకు తెలిసిపోయింది. అదే క్యాబ్‌కు టైరు పేలితే "ఎ టైర్ బర్స్ట్". నాలుగు టైర్లలో ఏదో వినేవాళ్లకు తెలియదు.

అన్నిటికీ "ద" పడిపోతోంది

ఆర్టికల్ మర్చిపోతున్నావని ఎవరైనా అన్నాక ఇది మొదలవుతుంది. టెన్షన్‌లో ప్రతి మాటకూ "ద" తగిలిస్తారు. "ద రెంట్స్ ఆర్ హై ఇన్ ద బెంగళూరు." "ఐ లవ్ ద నేచర్."

ఏదైనా ఒక వస్తువు గురించి కాకుండా ఆ జాతి మొత్తం గురించి చెబుతుంటే, బహువచనానికీ లెక్కకు రాని మాటకీ "ద" తీసేయండి. "రెంట్స్ ఆర్ హై ఇన్ బెంగళూరు." "ఐ లవ్ నేచర్." "ఐ లైక్ ఫిల్టర్ కాఫీ" అంటే ఎక్కడి ఫిల్టర్ కాఫీ అయినా ఇష్టమే. "ఐ లైక్ ద ఫిల్టర్ కాఫీ ఎట్ దిస్ హోటల్" అంటే ఇక్కడిదే. మాట తర్వాత "ఆఫ్" వచ్చి ఫలానాది అని తేల్చేస్తే మాత్రం సాధారణంగా "ద" కావాలి: "ద హిస్టరీ ఆఫ్ బెంగళూరు". అదే "ఇండియన్ హిస్టరీ" అంటే అక్కర్లేదు.

పేర్ల సంగతి. ఊళ్లు, పేటలు, రోడ్లు, పార్కులు, ఒక్కో చెరువు పేరు చాలావరకు "ద" లేకుండానే ఉంటాయి: వైట్‌ఫీల్డ్, ఎంజీ రోడ్, కబ్బన్ పార్క్, ఉల్సూర్ లేక్. నదులకు, సముద్రాలకు, కొండల వరసలకు "ద" ఉంటుంది: ద కావేరి, ద బే ఆఫ్ బెంగాల్, ద వెస్టర్న్ ఘాట్స్. మెట్రోలో ద పర్పుల్ లైన్, ద గ్రీన్ లైన్, 2025 ఆగస్టులో మొదలైన ద యెల్లో లైన్. స్టేషన్ పేరుకు మాత్రం "ద" ఉండదు. దేశాల్లో మన ఇళ్లలో రోజూ వినబడే తప్పు ఒకటుంది: "మై బ్రదర్ ఈజ్ ఇన్ యూఎస్." అది "ఇన్ ద యూఎస్". యూకే, యూఏఈలకు కూడా "ద" తప్పనిసరి. సంస్థల పేర్లను పొడి అక్షరాలుగా పలికితే చాలావరకు "ద" వస్తుంది, ది ఆర్‌బీఐ లాగా. ఒక మాటలా కలిపి పలికితే రాదు. బెంగళూరులోనే హెడ్డాఫీసు ఉన్న ఇస్రోను "ది ఇస్రో" అనరు. పూర్తి పేరు రాస్తే మళ్లీ వస్తుంది: ది ఇండియన్ స్పేస్ రీసెర్చ్ ఆర్గనైజేషన్. ఇక కంపెనీల పేర్లకు పొడి అక్షరాలైనా "ద" పెట్టరు.

"ఎ" పెట్టాలా, "యాన్" పెట్టాలా?

"యాన్ యూనివర్సిటీ", "ఎ ఎంబీఏ", "ఎ అవర్" అని రాసేవాళ్లకు కారణం ఒకటే: ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం చూస్తున్నారు. చూడాల్సింది స్పెల్లింగ్ కాదు, పలుకుబడి.

తెలుగువాళ్లకు దీనికి మంచి ఉపాయం ఉంది. ఆ ఇంగ్లిష్ మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్, ఆనెస్ట్, ఎంబీఏ, ఎఫ్‌ఐఆర్, ఎస్ఎంఎస్, ఎక్స్‌రే: అన్నీ అచ్చుతో మొదలయ్యాయి, అన్నిటికీ యాన్. యూనివర్సిటీ, యూజర్, యూపీఐ, యూరోపియన్, వన్ ఇయర్ కోర్స్: యకారం, వకారం రెండూ హల్లులే, అన్నిటికీ ఎ. మన లిపి పలికినట్టే రాసేది కాబట్టి ఇది కుదురుతుంది. "ద"ను ఎప్పుడు "ది" అని పలకాలో కూడా ఇదే చెబుతుంది. స్పెల్లింగ్ ఒకటే, అచ్చు ముందు మాత్రం పలికేది ది.

అయితే ఈ ఉపాయం బెసికే చోట్లు ఉన్నాయి. మన నోట్లో కొన్ని మాటల ముందున్న హల్లు మాయమైపోయింది. సంవత్సరాన్ని "ఇయర్" అంటాం, చెవినీ "ఇయర్" అంటాం. సంవత్సరానికి అసలు పలుకు "యియర్", హల్లుతో మొదలవుతుంది. కాబట్టి సంవత్సరానికి ఎ, చెవికి యాన్. ఈ ఒక్కదాని వల్ల రెజ్యూమేల్లో "యాన్ ఇయర్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్" తెగ కనిపిస్తుంది. "ఎల్లో" అసలు "యెల్లో". "ఓటు" అసలు "వోట్". "ఉమన్" అసలు "వుమన్". వీటన్నిటికీ ఎ. దీనికి ఎదురుది హెచ్ అక్షరం. మనం "హెచ్" అని గట్టిగా అంటాం, ఎక్కువమంది ఇంగ్లిష్‌వాళ్లు "ఎయిచ్" అంటారు. అందుకే వాళ్ల రాతలో "యాన్ హెచ్ఆర్ మేనేజర్" అని ఉంటుంది. మీరూ అలాగే రాయండి.

ఇంకో సంగతి. పక్కనే ఉన్న మాటను బట్టే నిర్ణయం. యాన్ ఆఫీస్, కానీ ఎ బిగ్ ఆఫీస్. ఎ మేనేజర్, కానీ యాన్ అసిస్టెంట్ మేనేజర్.

లెక్కకు రాని మాటకు "ఎ" తగులుతోంది

"ప్లీజ్ గివ్ ఎ ఫీడ్‌బ్యాక్." "హి గేవ్ మి యాన్ అడ్వైస్." "ఐ హ్యావ్ ఎ వర్క్." తెలుగులో "ఒక సలహా", "ఒక పని" సహజం కాబట్టి అదే ఇంగ్లిష్‌లోకి వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఫీడ్‌బ్యాక్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ట్రాఫిక్, న్యూస్ లెక్కకు రావు. ఎ తీసేయండి, లేదా "సమ్" పెట్టండి: "సమ్ ఫీడ్‌బ్యాక్", "సమ్ వర్క్". ఒకటి అని చెప్పి తీరాలంటే "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్".

కొన్ని మాటలు రెండు రకాలుగానూ నడుస్తాయి, అర్థం మారుతుంది. "త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్" అంటే ఉద్యోగానుభవం, "ఎ బ్యాడ్ ఎక్స్‌పీరియన్స్" అంటే జరిగిన ఒక సంఘటన. తలమీద ఉండేది "హెయిర్". సాంబారులో వచ్చింది "ఎ హెయిర్".

రాసింది ఒకటి, అర్థమైంది ఇంకొకటి

ఇది చిన్నదే గానీ నష్టం ఎక్కువ. "ఐ హ్యావ్ ఫ్యూ డౌట్స్" అని రాస్తే మీకు సందేహాలు దాదాపు లేవని అర్థం. అవతలివాళ్లు అడగడం మానేస్తారు. కొన్ని సందేహాలు ఉన్నాయని చెప్పాలంటే "ఎ ఫ్యూ". "లిటిల్ టైమ్" అంటే టైమ్ లేనట్టే, "ఎ లిటిల్ టైమ్" అంటే కొంచెం ఉంది.

ఇంటికి, బడికి, బస్సులో

"ఐ యామ్ గోయింగ్ హోమ్." ఇక్కడ "ద" వద్దు, "టు" కూడా వద్దు. "బై బస్", "బై మెట్రో" అన్నప్పుడు ఏమీ ఉండదు, "ఆన్ ద బస్" అన్నప్పుడు ఉంటుంది. పిల్లాడు చదువుకోడానికి వెళ్తే "హి గోస్ టు స్కూల్". పేరెంట్స్ మీటింగ్‌కు మీరు వెళ్తే "ఐ యామ్ గోయింగ్ టు ద స్కూల్".

ఒక పేరా దిద్ది చూద్దాం

ఇంటర్వ్యూలో తరచుగా వినబడే తరహా పరిచయం ఇది: "ఐ యామ్ ఎంసీఏ గ్రాడ్యుయేట్. ఐ వర్క్‌డ్ ఇన్ ద చెన్నై ఫర్ యాన్ ఇయర్ యాజ్ టెస్టర్. ఐ గాట్ ద జాబ్ ఎట్ స్టార్టప్. ద కంపెనీ గేవ్ మి ఎ గుడ్ ఎక్స్‌పోజర్."

ఎంసీఏ తెలుగులో ఎకారంతో మొదలైంది, ముందు యాన్ చేరాలి. చెన్నై ఊరి పేరు, "ద" పోవాలి. ఇయర్ సంవత్సరం కాబట్టి ఎ. టెస్టర్, స్టార్టప్ లెక్కకు వచ్చేవి, ఒంటరిగా ఉన్నాయి, రెండిటికీ ఎ. జాబ్ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇప్పుడే వింటున్నారు, ద కాదు, ఎ. "ద కంపెనీ" సరైనదే, ముట్టుకోవద్దు. పై వాక్యంలోని స్టార్టప్పే అని వాళ్లకు తెలుసు. ఎక్స్‌పోజర్ ఇక్కడ లెక్కకు రాదు, ఎ తీసేసి "గుడ్ ఎక్స్‌పోజర్" అంటే చాలు.